మేడ మీది చేపల తొట్టె

మూడో చేప చచ్చిపోయిన రోజున సూర్యావతి దాన్ని భర్త కంటబడకుండా తీసెయ్యాలని చూసింది. కుదరలేదు. కొంగు చాటున పెట్టుకుని వంటింట్లోకి వెళ్తోంటే మంచం మీంచి అతను చూడనే చూశాడు. చూసి మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. ఆ రోజంతా గంజి కూడా ముట్టలేదు.

సత్యారావు ఉక్కు కర్మాగారంలో పంపుహౌస్ ఫిట్టరు. విజయనగరం దగ్గర్నుంచి పెళ్ళికి ముందే ఈ హిందీ ఊరికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు. తొంభై ఆరు మార్చిలో ఒక పొద్దున్న డ్యూటీకి బయల్దేరుతూ, చెప్పులో కాలు పెట్టబోయి గుమ్మంలోనే కూలబడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది. "మీరనేవన్నీ ఆయనకి అర్థమవుతాయమ్మా, తిరిగి చెప్పలేరంతే. ఆయన మనసు దేనిమీదన్నా నిలిచేలా చూసుకోండి" అని ఆసుపత్రిలో డాక్టరు చెప్పి పంపించాడు.

నిలిచింది చేపల తొట్టె మీద. కర్మాగారం కాలనీ రిసాలిలో వాళ్ళ క్వార్టరు మేడ మీద, మొదటి అంతస్తు. ముందుగదిలో గోడ పొడవునా ఆరడుగుల అద్దాల తొట్టె. కూతురు రోహిణి అయిదో క్లాసులో ఉండగా సత్యారావు తన చేతుల్తో చేసుకున్నాడు. అందులో పన్నెండు గోల్డ్ ఫిష్‌లు, ఒక్కోటీ జానెడు. ప్రతి ఆదివారం పొద్దున్న తొట్టెలో సగం నీళ్ళు తీసి కొత్తవి పోసేవాడు. ఆ వేళకి సూర్యావతి సుపేలా బజారుకి పోయేది. సంచీ నిండా కూరగాయల్తో తిరిగొచ్చేసరికి అద్దాలు తళతళలాడుతూ ఉండేవి. ఆ పని ఎలా చేస్తున్నాడో ఆమె ఎన్నడూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ పని ఆమె నెత్తిన పడింది. మే నెల, పైకి నీళ్ళెక్కవు. కింద పెరట్లో కుళాయి దగ్గర పొద్దున్నే ముప్పావుగంట వస్తాయి. ముందు తాగడానికీ వంటకీ పట్టుకోవాలి, తర్వాత మంచంలో మనిషికి. ఇవన్నీ అయ్యాక మిగిలిన నాలుగు బకెట్లు వంటింటి డ్రమ్ములో పోసి, సాయంత్రం తొట్టెలో వంపేది. తొట్టెకి ఆ నాలుగు బకెట్లు ఏ మూలకీ చాలవు. నీళ్ళు పచ్చబడ్డాయి, కంపు కొడుతున్నాయి. మిగిలిన తొమ్మిది చేపలూ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని గాలి కోసం అల్లాడుతున్నాయి. ఎనిమిది బకెట్లు చేద్దామని ఒకరోజు పరుగులు పెట్టి మెట్ల మీద జారింది. మణికట్టు వాచిపోయింది.

"అమ్మా, ఐసే నహీ హోగా, ఇలా అవదు" అంది రోహిణి, ఆ చేతికి గుడ్డ చుడుతూ. ఆ పిల్ల కాలేజీలో చదువుతోంది. పుట్టింది ఇక్కడే కావడంతో తెలుగు మొదలుపెట్టి హిందీలోకి దిగిపోతుంది. "మన కూలర్లో పంపుంది కదా. దాన్ని కింద టబ్బులో పెట్టి పైకి కొట్టిద్దాం."

గుప్పెడంత పంపు అది. టబ్బులో ముంచి, గొట్టం తగిలించి, రెండో కొస బాల్కనీ మీంచి లోపలికి లాగారు. స్విచ్ వెయ్యగానే తెల్ల గొట్టంలో నీళ్ళు గబగబా ఎక్కుతూ కనిపించాయి. మనిషెత్తు దాకా ఎక్కి ఆగిపోయాయి. మోటారు గీపెడుతూనే ఉంది, నీళ్ళు మాత్రం ఒక్క బెత్తెడు కదల్లేదు.

కింది వాటాలో ఉండే బలరాం పళ్ళు తోముకుంటూ వచ్చి చూశాడు. అతనిది రాజనాందగావ్ వైపు. "భాభీ, ఇది కూలరు తడికెల్లో గడ్డి తడపడానికి చేసింది. ఆరడుగులు దాటి ఎక్కదు. మోనోబ్లాక్ మోటారు కావాలి మీకు" అన్నాడు హిందీలో.

ఆ సాయంత్రమే తల్లీకూతుళ్ళు ఆటో ఎక్కి సుపేలా వెళ్ళారు. పంపుల షాపతను మూడు ప్రశ్నలు వేశాడు. నీళ్ళు ఎంత ఎత్తుకి ఎక్కాలి? నిమిషానికెన్ని లీటర్లు కావాలి? గొట్టం ఎంత లావుది? సూర్యావతికి మూడింటిలో ఒక్కటీ తెలీదు. ఇంట్లో మంచం మీద పడుకున్న మనిషికి ఇవన్నీ కంఠతా వచ్చు.

"బేగి అవ్వాల బాబూ. ఎంత బేగయితే అంత" అంది.

రోహిణి అతనికి హిందీలో చెప్పింది. అతను అర హెచ్‌పీ మోటారు ఇచ్చాడు. తోటలకి వాడే అరంగుళం ఆకుపచ్చ గొట్టం నలభై అడుగులు కొలిచి చుట్ట చుట్టాడు.

మర్నాడు ఆదివారం. తెల్లారుతూనే సూర్యావతి ఆ గొట్టం కొస తొట్టెలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చింది. కుళ్ళునీళ్ళు నోట్లోకొచ్చాయి. ఉమ్మేసి, కొస పెరట్లోకి ఒదిలింది. సన్న గొట్టం, గంట పట్టింది. ఎంత తీస్తే అంత మంచిదనుకుని సగం కాదు, ముప్పాతిక వంతు తీసేసింది. కింద నీళ్ళొచ్చే వేళకి టబ్బు పెట్టి మోటారు ఆన్ చేసింది.

ఈసారి నీళ్ళు రివ్వున ఎక్కాయి. గొట్టం కొస తొట్టెలో పాములా కొట్టుకుంది. జోరుకి అడుగునున్న గులకరాళ్ళు లేచాయి, చేపలు ఆ మూలకీ ఈ మూలకీ విసిరేసినట్టు పోయాయి. మోటారు దగ్గర రోహిణిని ఉంచి, గొట్టం కొస రెండు చేతుల్తో అదిమి పట్టుకుంది సూర్యావతి. నీటిమట్టం కళ్ళెదుటే లేస్తోంది. రెండు నెలల్లో మొదటిసారి ఆమెకి నవ్వొచ్చింది.

"చూసేరా? చూసేరా ఏటి? నానొక్కదాన్నే చేసేను!"

మంచం మీద సత్యారావు "బా, బా" అని అరుస్తున్నాడు. ఎడంచేత్తో మంచంపట్టీ దబదబా బాదుతున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. సంతోషం పట్టలేక అనుకుంది ఆమె. "ఏడవకండి, అయిపోయింది. ఇంకొంచెమే" అని తొట్టె అంచుదాకా నింపేసింది.

పది గంటలకల్లా చేపలు పక్కకి ఒరిగి ఈదడం మొదలుపెట్టాయి. మొప్పలు ఎర్రగా కందిపోయాయి, ఒంటిమీద తెల్లటి జిగురు పొరలా లేచింది. పన్నెండు గంటలకి రెండు తేలాయి. సాయంత్రానికి మరో మూడు. పెద్ద ఎర్రచేప ఒకటి, సత్యారావు వేలు అద్దానికి ఆనిస్తే అక్కడికొచ్చి నిలబడేది. అది అడుగున పడి తోక ఒక్కటే ఆడిస్తోంది.

సత్యారావు నోరు తెరవలేదు. చెంచాతో గంజి పెడితే పెదాలు బిగించేశాడు. మాత్ర పెడితే నాలుకతో బయటికి తోసేశాడు. గోడవైపు తిరిగిన మొహం తిప్పలేదు. ఈ మనిషి బతకాలని అనుకోవడం మానేశాడు, మానిపించింది నేనే, అని ఆమెకి అనిపించింది.

మర్నాడు ఇంకో చేప పోయింది. ఇక మూడే. అతను అప్పటికి ఒక పగలూ ఒక రాత్రీ మంచినీళ్ళు తప్ప ఏదీ పుచ్చుకోలేదు. మధ్యాహ్నం చచ్చిన చేపని చేతిలో పట్టుకునే ఆమె మంచం దగ్గరికొచ్చింది. అంత కోపం తనలో ఉందని ఆమెకే తెలీదు.

"ఏటి చేసేనండీ నాను? ఏటి తప్పు చేసేను? చేతులిరగ్గొట్టుకుని మోసేను. ఆ మోటారు తెచ్చేను. అన్నీ మీకోసమే కాదేటి? తప్పయితే చెప్పొచ్చు కదా! చెప్పొచ్చు కదా!"

మాట పోయినవాణ్ణి పట్టుకుని తను అన్నదేమిటో ఆమెకి అప్పుడు తెలిసింది. కింద చతికిలబడి మంచంపట్టీకి నుదురానించి ఏడ్చింది.

చాలాసేపటికి ఆమె తలమీద చెయ్యి పడింది. సత్యారావు ఇటు తిరిగాడు. ఎడంచెయ్యి మెల్లిగా ఎత్తి ముక్కుకి ఆనించి, తొట్టెవైపు చూపించాడు. మళ్ళీ ముక్కు. మళ్ళీ తొట్టె.

"వాసనా?"

అతను ఆమె చెయ్యి నొక్కాడు.

"కంపు కొడతందా? కాదా... మరేటి వాసన?"

ఆమె లేచి తొట్టె మీదకి వంగి పీల్చింది. ఏమీ తెలీలేదు. పొద్దున్న కుళాయి దగ్గర కొత్తగా పట్టిన బిందె ఉంది, దాని మూత తీసి వాసన చూసింది. ఎండాకాలం కామెర్ల భయానికి నీళ్ళలో బ్లీచింగు మందు ఎక్కువ కలిపే రోజులు. ఘాటుగా తగిలింది.

"బ్లీచింగా!"

గట్టిగా నొక్కాడు. అతని కళ్ళల్లో ఏదో వెలిగింది.

అప్పుడు ఆమెకి అర్థమైంది. నాలుగేసి బకెట్లు మోసినన్నాళ్ళూ నీళ్ళు పగలంతా వంటింటి డ్రమ్ములో నిలవుండి మందు పోయేది. కుళాయి నుంచి తిన్నగా తొట్టెలోకి వందల లీటర్లు ఒక్కసారి కొట్టింది నిన్ననే. బేగి అవ్వాలనే ఆత్రంలో తనే చంపింది. అతను మంచంపట్టీ బాదింది ఆపమని. రెండు నెలలుగా అతని పక్కనే ఉంటూ, ఆపమన్న మాటని సంతోషం అనుకుంది.

రోహిణి కాలేజీ నుంచి వచ్చేసరికి తల్లి తొట్టె కిందున్న సామానంతా నేల మీద పరిచి, ఒక్కొక్కటే ఎత్తి తండ్రికి చూపిస్తోంది. బ్రష్షు, చిల్లుల గరిటె, గులకరాళ్ళ సంచీ. దేనికీ అతను ఊ అనలేదు. పటిక డబ్బా అనుకుని ఆమె పక్కనపెట్టిన డబ్బా కోసం మాత్రం చెయ్యి చాచాడు. మూత తీస్తే అడుగున కలకండ పలుకుల్లా ఏవో చిటికెడు మిగిలాయి.

రోహిణి అందుకుని చూసింది. "అమ్మా, ఇది హైపో. ఫోటోలు కడగడానికి వాడతారు. దీన్ని వేస్తే క్లోరిన్ ఖతం. మా ల్యాబులో ఉంది" అంది. సైకిలు తీసి సుపేలాలో ఫోటో స్టూడియోకి పరుగెత్తింది. పొట్లం కట్టించుకుని గంటలో తిరిగొచ్చింది.

ఎంత వెయ్యాలి? సత్యారావు ఎడంచేతి రెండు వేళ్ళతో చిటికెడు చూపించాడు. "బకెట్టుకా?" చెయ్యి నొక్కాడు. ఆ సాయంత్రం మిగిలిన మూడు చేపల్నీ హైపో వేసిన నీళ్ళ టబ్బులోకి మార్చారు. ఒకటి బతుకుతుందో లేదో చెప్పలేనట్టుంది. సత్యారావు మూడు చెంచాల గంజి తాగాడు.

మర్నాడు అసలు పని మొదలైంది. గొట్టాన్నీ మోటారునీ ఆమె మంచం దగ్గరికి తెచ్చి, "ఇప్పుడు చెప్పండి. మీరు చెప్పినట్టే చేస్తాను" అంది. అతను అరంగుళం గొట్టాన్ని వేళ్ళతో నొక్కి, విసిరి అవతల పారేశాడు. బొటనవేలూ చూపుడువేలూ గుండ్రంగా కలిపి పెద్ద సున్న చూపించాడు.

"లావు గొట్టమా? దేనికి, పైకెక్కడానికా?"

కాదు. చెయ్యి తొట్టె మీంచి బాల్కనీవైపు, అక్కణ్ణించి కిందికి. నీళ్ళు తియ్యడానికి. మోటారు చూపిస్తే అక్కర్లేదని తల ఊపాడు. రోహిణికి వెలిగింది: "హా నాన్నా! మేడ మీంచి కిందికి దానంతటదే పడుతుంది. గొట్టం లావైతే జల్దీ." లావు గొట్టం చేపల్ని లాక్కోకుండా కొసకి దోమతెర గుడ్డ కట్టాలని అతను చెప్పడానికి పావుగంట పట్టింది. మధ్యలో రెండుసార్లు విసుగొచ్చి కళ్ళు మూసుకున్నాడు. ఒకసారి సూర్యావతే విసుక్కుంది.

మోటారు సంగతి ఇంకా కష్టమైంది. అది వద్దా? కావాలి. మరేటి? అతను రాసే చేత్తో కాదు, ఎడంచేత్తో రోహిణి నోటుబుక్కు వెనక గీతలు గీశాడు. వంకరటింకరగా ఒక డ్రమ్ము బొమ్మ, దాన్నుంచి గొట్టం, ఆ గొట్టం రెండుగా చీలి ఒకటి పైకి, ఒకటి తిరిగి డ్రమ్ములోకి. ఆ చీలిక మీద ఒక అడ్డగీత. ఎంత చూసినా వాళ్ళకి బోధపడలేదు. ఆఖరికి రోహిణి కిందికెళ్ళి బలరాంని పిలుచుకొచ్చింది. అతను కాగితం చూసి, మంచం మీద మనిషిని చూసి, చేతులు జోడించాడు.

"ఉస్తాద్! జోరు ఎక్కువైన నీళ్ళు డ్రమ్ములోకే వెనక్కి పోతాయి. వాల్వు తిప్పితే పైకి ఎంత కావాలంటే అంతే ఎక్కుతాయి. ఇంతేనా?"

సత్యారావు చెయ్యి పైకెత్తి అలాగే ఉంచాడు.

రెండు పెద్ద డ్రమ్ములు బలరాం పెరట్లో పెట్టనిచ్చాడు. పొద్దున్న వచ్చే నీళ్ళతో వాటిని రెండ్రోజుల్లో నింపి, హైపో వేసి, ఒక పగలు నిలవ ఉంచారు. అంగుళం గొట్టం, చీలిక ముక్క, వాల్వు తెచ్చి బలరామే బిగించాడు. ఈలోగా ఆ మూడింటిలో ఒక చేప పోయింది. రెండు మిగిలాయి. పెద్ద ఎర్రది ఉంది, దాని ఒక కన్నుకి తెల్లటి పొర కమ్మింది. ఆ పొర ఇక పోదని రోహిణి చెప్పింది.

శుక్రవారం పొద్దున్న నీళ్ళు మార్చారు. సత్యారావుని కుర్చీలో కూర్చోబెట్టి తొట్టె పక్కకి జరిపారు. లావు గొట్టంలోంచి సగం నీళ్ళు ఆరు నిమిషాల్లో పెరట్లోకి దిగిపోయాయి. కింద రోహిణి మోటారు వేసింది. గొట్టం కొస సత్యారావు తన ఎడంచేత్తో పట్టుకున్నాడు. నీళ్ళు జోరుగా వస్తే తల ఊపుతాడు, సూర్యావతి బాల్కనీలోంచి కేకేస్తుంది, బలరాం వాల్వు తిప్పుతాడు. గులకరాయి ఒక్కటీ లేవలేదు. మొత్తం ఇరవై రెండు నిమిషాలు పట్టింది. టబ్బులోని రెండు చేపల్నీ తిరిగి తొట్టెలోకి వదిలారు.

అతని మాట రాలేదు. వస్తుందని డాక్టరు అనలేదు కూడా. కాలు కదలడానికి ఏడాదో రెండేళ్ళో అన్నాడు. పన్నెండు చేపలుండే తొట్టెలో రెండు చేపలు తిరుగుతుంటే అది మరీ పెద్దదిగా, బోసిగా కనిపించింది. సూర్యావతికి అటు చూడబుద్ధి కాలేదు.

గొట్టాలు చుట్టి పెట్టేసరికి ఏడున్నర. ఆ వేళకి రోజూ ఆమె బకెట్టుతో మెట్ల మీద ఉండేది. ఏం చెయ్యాలో తోచక భర్త ఖాళీ మంచం అంచున కూర్చుంది. మణికట్టు ఇంకా నొప్పిగానే ఉంది. కాసేపటికి రోహిణి పాలు పొయ్యి మీద పెట్టి వచ్చి చూస్తే, తల్లి కూర్చున్నచోటే పక్కకి ఒరిగి నిద్రపోయి ఉంది. లేపబోయింది. సత్యారావు కుర్చీలోంచి చెయ్యి అడ్డంగా ఊపి, ఫ్యాన్ స్విచ్చు వైపు చూపించాడు.