దిద్దని మాట

బియ్యం కడుగుతూ, కుడిచెయ్యి గిన్నెలో ఉండగా, ఎడమచేతి బొటనవేలితో కొట్టి పంపిన మెసేజ్ అది. ఒక పొయ్యి మీద కుక్కరు, ఇంకో పొయ్యి మీద అత్తగారికి పాలు. నీలం చొక్కా ఎక్కడుందని గదిలోంచి మా ఆయన అప్పటికే రెండోసారి అడుగుతున్నారు. ఆసుపత్రి గ్రూపులో మా మేనేజరు పాఢి సార్ పొద్దున్నే ఒక ప్రశ్న పెట్టారు. పాత్రపూర్‌లో కొత్తగా తెరుస్తున్న కంటి పరీక్ష కేంద్రానికి ఇన్‌ఛార్జిగా ఎవరు వెళ్తారని. కింద నా పేరు పెట్టి మరీ, వాసవీకుమారి, ఈసారైనా వీలవుతుందా అని అడిగారు.

నేను బరంపురంలో ఒక ట్రస్టు వాళ్ళ కంటి ఆసుపత్రిలో పనిచేస్తాను. డాక్టరు చూడకముందు రోగిని కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి పెట్టి, గోడ మీది అక్షరాలు చదివించేది నేనే. మా అమ్మాయి స్నేహ పుట్టకముందు నుంచీ అదే గది, అదే స్టూలు. ఇన్‌ఛార్జి పని ఇదివరకు కూడా నా దాకా వచ్చి వెనక్కి పోయింది. ఒకసారి మా అత్తగారు బంగారమ్మగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఇంకోసారి స్నేహ పదో తరగతి. ఇప్పుడు అత్తగారు కర్ర పట్టుకుని గేట్ బజార్ దాకా వెళ్ళి తనకి కావలసిన వక్కలు తనే బేరమాడి తెచ్చుకుంటున్నారు. స్నేహ ప్లస్ టూ పరీక్షలు అయిపోయాయి. అందుకని ఇంగ్లీషులో ‘ఐ కెన్ నౌ గో సార్’ అని కొట్టాను. ఇప్పుడు వెళ్ళగలను సార్ అని. పంపేసి, ఫోను గట్టు మీద బోర్లించి, చొక్కా వెతకడానికి వెళ్ళాను. చొక్కా ఆయన కళ్ళెదురుగా తలుపు వెనకే వేలాడుతోంది.

పరీక్ష గదిలోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. మధ్యాహ్నం భోజనాల దగ్గర సస్మిత వచ్చి నా పక్కన కూర్చుంది. ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్ళకి ధైర్యం చెప్పి, కాగితాలు నింపించే పని ఆమెది. నన్ను ‘అపా’ అంటుంది, ఒడియాలో అక్క అని. ఎందుకలా చేశావు అపా, ఇన్నాళ్ళూ ఎదురుచూసి చివరికి అలా రాసేశావేం అని ఒడియాలో మెల్లిగా అడిగింది. నాకేమీ అర్థం కాలేదు. తన ఫోను తీసి చూపించింది. నా పేరు కింద ‘ఐ కెనాట్ గో సార్’ అని ఉంది. వెళ్ళలేను సార్ అని. దాని కింద పాఢి సార్ పెట్టిన నమస్కారం బొమ్మ. ఆ కింద, సరే, చిట్టిబాబు వెళ్తాడు అని. చిట్టిబాబుకి కంట్లోకి లైటు ఎలా వెయ్యాలో చెయ్యిపట్టి నేర్పింది నేను.

ఆ అక్షరాలు చూడగానే నాకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. అది ఇప్పటికీ నాకు తేల్చుకోలేని సంగతి. భుజాల మీంచి ఏదో దిగినట్టు హాయిగా అనిపించింది. ఇంట్లో చెప్పక్కర్లేదు, బస్సు పట్టుకోనక్కర్లేదు, పొద్దున్న వంట ఇంకా ముందుకి జరపనక్కర్లేదు అని. అన్నం రెండు ముద్దలు తిన్నాక ఆ హాయి పోయింది. దాని చోట సిగ్గు వచ్చి కూర్చుంది. ఫోను తప్పు కొట్టిందని ఇప్పుడే సార్‌కి చెప్పు అని సస్మిత నా మోచెయ్యి పొడిచింది. రేపు చెప్తానన్నాను. నిజంగా ఫోనే తప్పు కొట్టిందా? ఆ బొటనవేలు నాది కదా. తడిగా ఉన్నా నాదే.

సాయంత్రం స్నేహకి చూపించాను. అది ఒక్క చూపులో చెప్పేసింది. రెండు మాటల మధ్య ఖాళీ పడలేదట. ‘కెన్’, ‘నౌ’ అతుక్కుపోతే అలాంటి మాట లేదనుకుని ఫోను దాన్ని ‘కెనాట్’ అని దిద్దేసిందట.

“మరి వేరే మాట ఏదీ దొరకలేదా దానికి?” అన్నాను.

“నువ్వు ఎక్కువ ఏటి రాస్తావో అదే నేర్చుకుంటాదమ్మా అది,” అంది స్నేహ, జడ అల్లుకుంటూ.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి ఇంట్లో తెలిసింది. మా ఆయన జగదీశ్వరరావుగారిది రైల్వేలో గుమస్తా ఉద్యోగం. మామగారి కాలంలో పలాస నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. ఆయన చెడ్డవారు కాదు. నా మీద ఎప్పుడూ గొంతు పెంచలేదు. పెంచే అవసరం నేను రానివ్వలేదేమో, అదీ తెలీదు. విషయం విని నవ్వారు. “పోన్లే, మంచిదే అయింది. నేను సెప్తే బాధపడతావు గానీ, ఫోనే సెప్పీసింది,” అన్నారు. అత్తగారు మజ్జిగ కలుపుకుంటూ, “ఆ ఫోన్లో ఇంటి దేవత కూకుందే కోడలా,” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు ఆయన బడా బజార్ నుంచి నాకు ఇష్టమైన ఛెనాపోడొ తెచ్చారు. కాల్చిన పన్నీరు, పంచదార వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఎందుకు తెచ్చారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తియ్యగానే ఉంది. తింటూ, నేను వెళ్ళనన్నందుకు ఇది నాకు దొరికిందా, లేక ఊరికే తెచ్చారా అనుకున్నాను. ఊరికే తెచ్చిన మిఠాయిని కూడా అనుమానించే మనిషినయ్యానా అని ఇంకో బాధ.

స్నేహ అన్న మాట మాత్రం వదల్లేదు. ఖాళీ దొరికినప్పుడల్లా పాత మెసేజ్‌లు పైకి జరుపుకుంటూ చూశాను. భువనేశ్వర్‌లో శిక్షణకి రాలేను సార్, ఇంట్లో పెద్దావిడకి బాగాలేదు. అంజలీ, నీ గృహప్రవేశానికి రాలేనే, ఆయన డ్యూటీ. అమ్మా, ఈ ఆదివారం కుదరదు. సస్మితా, సినిమాకి మీరు వెళ్ళండి. ఇంగ్లీషులో కొన్ని, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొన్ని, ఒడియాలో కొన్ని. అన్ని భాషల్లోనూ నేను చెప్పింది ఒకటే. వీటిల్లో ఏ ఒక్కదానికీ నన్ను ఎవరూ వద్దనలేదు. అడిగితే వద్దంటారేమోనని నేనే ముందు వద్దనేసుకున్నాను. మరి తప్పు ఎవరిది? ఫోనుదా, ఇంట్లో వాళ్ళదా, నాదా? ఒక్కోసారి ఒక్కొక్కరిది అనిపించేది. వంట చేస్తున్నప్పుడు వాళ్ళది, బట్టలు ఆరేస్తున్నప్పుడు నాది. అసలు నాకు పాత్రపూర్ వెళ్ళాలని ఉందా, లేక అడిగించుకోవాలని మాత్రమే ఉందా? అది కూడా తేలలేదు.

స్నేహని పిలిచి, అది దిద్దకుండా చెయ్యడం వీలవుతుందా అని అడిగాను. సెట్టింగుల్లోకి వెళ్ళి చూపించింది. దిద్దేది ఒకటి, తర్వాతి మాట ముందే అందించేది ఒకటి. “రెండూ తీసీమంటావా? సాలా కష్టమమ్మా, అక్షరం అక్షరం నువ్వే కొట్టుకోవాలి,” అంది. నువ్వు తియ్యకు, ఎలాగో చెప్పు, నేను తీస్తాను అన్నాను. రెండూ నొక్కి ఆపేశాను. అక్షరాల పైన ఎప్పుడూ మూడు మాటలు అందిస్తూ ఉండే పట్టీ మాయమైంది. ఆ చోటు చూస్తే ఎవరో లేచి వెళ్ళిపోయిన కుర్చీలా ఉంది. ఏం రాయాలో తోచక ఫోను పక్కన పెట్టేశాను.

తర్వాత రోజుల్లో నా అక్షరాలు ఎంత అధ్వాన్నమో నాకు తెలిసింది. పాల ప్యాకెట్లు తెమ్మని రాస్తే ఆయనకి ఏదో అర్థంకాని మాట వెళ్ళింది. కుటుంబం గ్రూపులో మా ఆడపడుచు పుట్టినరోజుకి నేను పెట్టిన శుభాకాంక్షల్లో ఒక అక్షరం ఎగిరిపోయి, హ్యాపీ కాస్తా ‘హ్యాప్’గా మిగిలిపోయింది. ఆడపడుచు నవ్వే బొమ్మలు వరసగా పెట్టింది. ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేసి, సదువుకున్నదానివి, నలుగురూ సూస్తారు, ఆ దిద్దేదేదో మళ్ళీ పెట్టుకో అని చెప్పారు. కోపంగా కాదు, నా మంచికే అన్నట్టు. పెట్టుకుంటానన్నాను. పెట్టుకోలేదు. సార్‌కి మాత్రం ఏమీ రాయలేదు. ‘సార్’ అని కొట్టేదాన్ని, ఆ తర్వాత అందించేవాళ్ళు ఎవరూ లేక అక్కడే ఆగిపోయేదాన్ని.

అంతలో చిట్టిబాబు వచ్చాడు. పాత్రపూర్‌లో కేంద్రం తెరవకముందు ఆదివారం ఉచిత శిబిరం పెడుతున్నారు, ఒక్కపూట వచ్చి అన్నీ అమర్చిపెట్టి వెళ్ళండక్కా, మీరుంటే నాకు భయముండదు అన్నాడు. సెలవు రోజున, జీతం లేకుండా, తను కూర్చోబోయే కుర్చీని నేను సర్దిపెట్టాలని అడగడానికి అతనికి ఏ ఇబ్బందీ కలగలేదు. ఒప్పుకోవడానికి నాకూ కలగలేదు. ఇంట్లో కూడా సులువుగానే వెళ్ళమన్నారు. సాయం చెయ్యడానికి అయితే ఎప్పుడూ అభ్యంతరం ఉండేది కాదు. తెల్లవారకముందే వంట చేసి, మూతలు పెట్టి, ఏది ఎందులో ఉందో చెప్పి బస్సెక్కాను.

పాత్రపూర్‌లో కేంద్రం అంటే రెండు గదులు. సున్నం వాసన ఇంకా పోలేదు. బల్ల కిటికీకి ఎదురుగా వేశారు. వెలుతురు అక్షరాల మీద పడకుండా దాన్ని తిప్పించాను. అక్షరాల పలక ఎంత ఎత్తులో ఉండాలో చూసి మేకు కొట్టించాను. జనం వచ్చారు. ఒడియావాళ్ళూ, తెలుగువాళ్ళూ, ఒకే వాక్యంలో రెండూ మాట్లాడేవాళ్ళూ. చిట్టిబాబు పేర్లు రాస్తుంటే నేను కళ్ళు చూశాను.

మధ్యాహ్నం అయ్యాక తులసి అనే ఆవిడ వచ్చింది. సముద్రం ఒడ్డు నుంచి చేపలు తెచ్చి ఇక్కడి సంతలో అమ్ముతుందట. వెనక ఆమె భర్త నిలబడ్డాడు. అద్దం పెట్టి, ఇది బాగుందా అని, మార్చి, ఇది బాగుందా అని అడిగాను. ఆమె నోరు విప్పేలోగా అతను, “రెండోదే బాగుందంతాది, రాసీండి,” అన్నాడు. అద్దం ఉన్నది అతని కంటి ముందు కాదు. ఆమె వెంటనే, అవునమ్మా రెండోదే అంది. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఏదైనా ఉంటే అది ఒక్కటే. అంత తొందరగా వచ్చిన జవాబు కంటిది కాదు. అతన్ని బయట బెంచీ మీద కూర్చోమని చెప్పాను. గొణిగాడు గానీ వెళ్ళాడు.

“ఇప్పుడు సెప్పండి. ఇదా? ఇదా?”

ఆమె చాలాసేపు చూసింది. నా ముఖంలో జవాబు ఉందేమోనని నా వైపు తిరిగింది. “ఏటో తల్లీ, తెల్డం లేదు. నువ్వే ఏదో ఒకటి రాసీ,” అంది.

“తెలీకపోతే తెలీదనే సెప్పండి. తప్పేటీ లేదు. మళ్ళీ పెడతాను,” అన్నాను.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ తెలీదంది. బయట వరస పెరుగుతోంది, చిట్టిబాబు గడియారం చూసుకుంటున్నాడు. ఇంకోసారి పెట్టాను. ఆమె పెదాలు కదిలించుకుంటూ అక్షరాలు పట్టుకుంటోంది. “ఇంతకుముందుది,” అంది చివరికి. వెంటనే తల అడ్డంగా ఊపి, “కాదమ్మా. ఇదే. ఇదే కొంచెం నయం,” అంది. అప్పుడు రాశాను.

తిరుగు బస్సులో కిటికీ పక్క చోటు దొరికింది. ఆమెని అంతసేపు తెలీదని అననిచ్చాను, నన్ను నేను ఒక్కసారైనా అననిచ్చానా అనిపించింది. ఫోను తీసి సార్‌కి రాయడం మొదలుపెట్టాను. రోడ్డు గతుకులు. ఒక అక్షరం నొక్కబోతే పక్కది పడుతోంది. చెరిపి, కొట్టి, మళ్ళీ చెరిపి, ముందు పంపింది పొరపాటు సార్, పాత్రపూర్ నేను వెళ్తాను అని ఇంగ్లీషులో రాశాను. పొరపాటు అనే మాటలోనే ఒక అక్షరం పొరపాటు పడింది. చూశాను. దిద్దకుండా పంపేశాను. పంపాక ఫోను సంచి అడుక్కి తోసేశాను. అది ధైర్యమో, తప్పు చేశానన్న భయమో, రెండూ ఒకేలా ఉన్నాయి.

ఇంటికి వచ్చి చీర మార్చుకోకుండానే పొద్దుటి గిన్నెలు తోముతుంటే సార్ ఫోన్ చేశారు. చేతులు సబ్బు, అందుకని స్పీకరు పెట్టాను. మా ఆయన, అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చారు. సార్ ఒడియాలో విసుగ్గానే మాట్లాడారు. మొన్న వెళ్ళలేనన్నారు, ఇవాళ వెళ్తానంటున్నారు, చిట్టిబాబు పేరు పైకి పంపేశాను, మార్చాలంటే ట్రస్టువాళ్ళ దగ్గర నేను మాటపడాలి. రేపు మళ్ళీ కాదంటే నా పరువు పోతుంది. ఖచ్చితంగా చెప్పండి అన్నారు.

ఖచ్చితంగా అన్న మాట దగ్గర నేను ఆగాను. అవును సార్ అనేస్తే సరిపోయేది. అది నాలుక మీదికి వచ్చేసింది కూడా.

“ఖచ్చితంగా తెలీదు సార్,” అన్నాను. “కానీ వెళ్తాను.”

సార్ గొంతు తగ్గించి, రేపు ఓపీ మొదలవకముందు నా గదికి రండి, చూద్దాం అని పెట్టేశారు.

కుళాయి కట్టేశాను. అత్తగారు ఏదో అనబోయి మా ఆయన వైపు చూశారు. ఆయన ముఖంలో కోపం కంటే అయోమయమే ఎక్కువ కనిపించింది. అది చూసి నాకు మొదటిసారి ఆయన కొంచెం దగ్గరివారిలా అనిపించారు.

“తెలీదంతావు, మళ్ళీ ఎల్తానంతావు. ఏటి వాసవీ నీ ఉద్దేశం?” అన్నారు.

“నాకూ తెలీదండీ. తెలీకుండానే ఇన్నాళ్ళూ ఉండిపోయేను కదా,” అన్నాను. “తెలీకుండానే ఎల్తాను.”