చర్చిలో తొమ్మిదో తరగతి

దువ్వెన పళ్ళ మధ్య బూడిదరంగు పొడి.

సాయంత్రం కూతురి తల దువ్వేటప్పుడు అది సంతోషమ్మ వేళ్ళకు గరగరా తగులుతుంది. దుమ్ము కాదు. దుమ్మయితే మెత్తగా ఉంటుంది, ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకు దుమ్ము సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇది సిమెంటు. హైస్కూలు కప్పు నుంచి రాలుతోంది... రోజూ, కొంచెం కొంచెంగా, పాఠం నడుస్తుండగానే, పిల్లల తలల మీద.

దులిపేది. జడ వేసేది. ఏమీ అనేది కాదు.

అంటే పిల్ల బడికి పోనంటుందేమోనని భయం. అనకపోతే కప్పు కూలుతుందేమోనని భయం.

రాచర్లకు ఎడంగా, కొండను ఆనుకుని, మెట్టచేల మధ్య ఉన్న ఊరు. ఆ ఊరికి ఒక సర్కారు హైస్కూలు. సంతోషమ్మ చిన్నప్పుడు అది లేదు, అందుకే ఆమె చదువు ఐదుతో ఆగింది. కూతురు కేథరిన్ ఇప్పుడు తొమ్మిదో తరగతి. పది గట్టెక్కితే చాలు — ఆ పిల్ల మిరపచేలో నడుము వంచదు. సంతోషమ్మ ప్రార్థనంతా అదే. మోకరించినప్పుడు ఇంకేదీ అడగదు.

బడికి కొత్త గదులన్నారు. స్తంభాలు లేచాయి. అంతలో పైనుంచి నిధులు ఆగిపోయాయి. ఇనుప చువ్వలు ఆకాశంలోకి చూస్తూ తుప్పు పట్టాయి. లెక్కల సారు బదిలీ మీద వెళ్ళిపోయాడు, ఆయన కుర్చీలోకి ఎవరూ రాలేదు. బాత్రూములు కడిగే మగ్దలీనమ్మకు జీతం ఆగింది. బాత్రూములకు తాళం పడింది.

ఆడపిల్లలు నీళ్ళు తాగడం మానేశారు.

పొద్దున తీసుకెళ్ళిన సీసా సాయంత్రం నిండుగానే ఇంటికొచ్చేది. సంతోషమ్మ ఆ నీళ్ళు కుండలోకి వంపేది.

ఆ ఏడు వానలు పెందలాడే వచ్చాయి.

వాన — కొండ మీద మొదలై, కందిచేల మీదుగా నడిచి ఊళ్ళోకొచ్చే వాన. ఎప్పుడూ చేతులు జోడించి పిలిచే వాన. ఆ ఏడు మాత్రం దాని చప్పుడుకు సంతోషమ్మ బడి వైపు చూసింది.

పిల్లలు మధ్యాహ్నం అన్నానికి బయటికి వెళ్ళారు. లోపల... పెద్ద పెచ్చు ఊడి పడింది. కేథరిన్ కూర్చునే బల్ల మీదే. బల్ల నడిమికి విరిగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఊరంతా ఆ మాటే చెప్పుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. చెప్పుకున్న కొద్దీ భయం పెరిగింది.

హెడ్మాస్టరు ఆంజనేయులు ఆ గదికి తాళం వేశాడు. మంచివాడే. పైవాళ్ళ పేరెత్తితే గొంతు తగ్గే మనిషి. మరమ్మతుకు అడిగాడు. నిధుల్లేవన్నారు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ లేవన్నారు. పిల్లల్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టాడు. వానొస్తే లేపేవాడు, ఎండొస్తే జరిపేవాడు. చదువు తక్కువ, లేవడం జరగడం ఎక్కువ.

ఆదివారం ఆరాధన అయ్యాక, ఊరి బయట ఉన్న దళితుల పాలెం ఆడవాళ్ళు చర్చిలో చాపల మీదే కూర్చుండిపోయారు.

ఆ చర్చి వాళ్ళది. మాటవరసకు కాదు. ఎసట్లో బియ్యం పోసే ప్రతిసారీ ఒక గుప్పెడు తీసి పక్క కుండలో వేస్తారు. కూలి దొరికిన నాడూ గుప్పెడే, దొరకని నాడూ గుప్పెడే. దేవుని గుప్పెడు. ఆ బియ్యం అమ్మి, ఏళ్ళ తరబడి అమ్మి, దానికి కప్పు వేసుకున్నారు. ఎంత వానకూ చుక్క కారదు.

"వారమంతా గుడి ఖాళీగానే ఉంటాది గదా," అంది సంతోషమ్మ. "పిల్లోళ్ళు కూర్చుంటే దేవుడు వద్దంటాడా?"

ఎవరూ వద్దనలేదు.

కబురు విని ఆంజనేయులు అప్పటికప్పుడు పాలెంలోకి వచ్చాడు. "ఈ పొద్దు నాకు నిద్ర పడ్తాదమ్మా," అన్నాడు సంతోషమ్మతో.

గోడలకు సున్నం కొట్టారు. చాపలు దులిపారు. నల్లబల్లను మోసుకొచ్చి గోడ మీది బైబిలు వాక్యం కింద నిలబెట్టారు. తొమ్మిదో తరగతి చర్చిలో కూర్చుంది. కేథరిన్ తలలో పొడి లేదు. నీళ్ళ సీసా ఖాళీగా ఇంటికొచ్చింది — చర్చి పక్కిల్లు మగ్దలీనమ్మదే, ఆడపిల్లల కోసం ఆమె తన బాత్రూము తలుపు తెరిచిపెట్టింది. ఎన్నాళ్ళకో సంతోషమ్మ కడుపునిండా తింది.

ఒక్క సంగతి ఎవరికీ తట్టలేదు.

పెద్ద ఊరిని అడగాలని.

రైతుల పిల్లలు పాలెంలోకి వస్తారా, చర్చిలో చాప మీద కూర్చుంటారా — ఒక్కరూ అడగలేదు. ఉన్నది ఇస్తున్నాం, ఇచ్చేదాన్ని ఎవరు కాదంటారు అనుకున్నారు. పిచ్చి ఆడవాళ్ళు. అంత సంతోషంలో ఉన్నారు.

ఊరు ఏమీ అనలేదు. గొడవ లేదు, పంచాయితీ లేదు. ఊరి పిల్లలు కొన్నాళ్ళు వచ్చారు, గడప దగ్గరే ఒదిగి కూర్చున్నారు. తర్వాత ఒక పొద్దున గిద్దలూరు నుంచి ప్రైవేటు బడి పసుపుపచ్చ బస్సు ఊళ్ళోకొచ్చి హారన్ కొట్టింది.

ఒక పిల్ల తగ్గింది. ఇంకో పిల్లవాడు తగ్గాడు. చాప మీద ఖాళీ పెరుగుతూ వచ్చింది... గడప వైపు నుంచి నల్లబల్ల వైపుకు.

సుజాత కూడా రావడం మానేసింది. సరస్వతమ్మ మనవరాలు సుజాత. సంతోషమ్మకు ఏడాదంతా పని సరస్వతమ్మ చేలోనే. ఆ పిల్లా కేథరినూ ఒకటో తరగతి నుంచి ఒకే బల్ల.

వేసవి చివర ఆంజనేయులు పాలెంలోకి నడిచొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సంఖ్య తగ్గిందంట. ఇంతమంది కోసం సార్లను పెట్టలేరంట. తొమ్మిదీ పదీ రాచర్లలో కలిపేసినారు."

"కప్పు బాగుచేసింటే తగ్గేటోళ్ళా సారూ?"



రాచర్ల.

దారి పొడుగునా రెండు వైపులా సర్కారు తుమ్మ. కొండ పక్క మలుపు. మలుపు దాటితే కేక వేసినా ఊరికి వినబడదు. బస్సు లేదు. ఆటో ఉంది, నిండితేనే కదులుతుంది. పదో తరగతికి సాయంత్రం స్పెషల్ క్లాసులుంటాయి, తిరిగొచ్చేసరికి చీకటి. పాలెంలో మిగతా ఆడపిల్లలు అప్పుడే తల్లుల వెంట కూలికి దిగారు. పోవాల్సింది కేథరిన్ ఒక్కతే.

భర్త రాజరత్నం మార్కాపురంలో పలకల పనిలో ఉన్నాడు. ఫోన్లో అంతా విన్నాడు. "నీకెట్ల తోస్తే అట్ల చెయ్యి," అన్నాడు. ఆమెకేమీ తోచలేదు. తోచిందల్లా ఒక్కటే — చర్చి ఇద్దామని ముందు నోరు తెరిచింది తనే. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది, ఒక్కతే మోయలేకపోతోంది.

చేలో పాత మిరపకట్టె పీకుతున్నారు. సరస్వతమ్మ గట్టు మీద నిలబడి ఉంది.

"పిల్లను చేనికి తెచ్చుకోరాదా సంతోషమ్మా. నీకూ తోడుంటాది."

కఠినంగా కాదు. ప్రేమగానే అంది. అందుకే సంతోషమ్మకు ఎక్కువ భయమేసింది. కొడవలి, తలగుడ్డ, తన పక్కనే ఇంకో వంగిన నడుము... అంతా కళ్ళకు కట్టింది.

నడుమెత్తి నిలబడింది. "అమ్మా, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. సుజాతమ్మను కూడా రాచర్లకే పంపియ్యండి. ఇద్దరుంటే ఒకరికొకరు. ఒక్కతే అంటే... నాకు నోరు రావడంలా."

సరస్వతమ్మ గట్టు దిగి దగ్గరికొచ్చింది.

"అది కూడా అట్లనే ఏడుస్తాంది. ఆ బళ్ళో దాంతో ఎవురూ మాట్లాడరంట." తల తిప్పుకుని, "మా ఇంట్లో మాట నాది గాదే," అంది.

"అడిగి చూడండమ్మా."

"చూస్తాలే."

చూస్తాలే. ఆ ఒక్క మాట పట్టుకుని సంతోషమ్మ బడి తెరిచే దాకా బతికింది.

బడి తెరిచిన పొద్దు. రోడ్డు మీద ఆటో గుర్రుమంటోంది. లోపలంతా మగవాళ్ళు — మేకల బేరగాళ్ళు, పనులకు పోయేవాళ్ళు. తెలిసిన ముఖాలే. తెలిసిన ముఖాలకు కూడా భయపడుతున్నందుకు ఆమెకు సిగ్గేసింది. సిగ్గేసినా భయం పోలేదు.

ఊరి వైపు చూసింది. వీధి మొగలో ఎవరూ లేరు.

"ఇంకొంచెం ఆగు నాయనా. ఇంకో పిల్ల వస్తాది."

"ఎంతసేపమ్మా," అన్నాడు ఆటో అతను.

పసుపుపచ్చ బస్సు ఊళ్ళోంచి వచ్చింది. వాళ్ళ పక్కనుంచే వెళ్ళింది. కిటికీలో సుజాత. చెయ్యి ఊపలేదు. కళ్ళు మాత్రం కేథరిన్ మీద... బస్సు గిద్దలూరు దారి పట్టేదాకా.

కేథరిన్ ఆటో ఎక్కి, సీటు అంచున కూర్చుంది. సంతోషమ్మ చెయ్యి పిల్ల బ్యాగు పట్టీ మీదే ఉంది. తీయాలనుకుంది. చెయ్యి రాలేదు.

"వదులమ్మా."

కేథరినే ఆ వేళ్ళు విడదీసింది, నెమ్మదిగా, నొప్పి కలగకుండా.

ఆటో కదిలింది. తుమ్మల మధ్య చిన్నదైంది. తర్వాత కనబడలేదు, చప్పుడొక్కటే. తర్వాత, మలుపు దగ్గర, చప్పుడు కూడా ఆగింది.

మలుపు తిరిగితే చప్పుడు ఆగుతుంది.

ఆటో నిలబడిపోయినా ఆగుతుంది.

ఏదో తెలియక సంతోషమ్మ రోడ్డు నడిమధ్య నిలబడి వింటోంది. చేలో పనివాళ్ళు పిలుస్తున్నారు, పొద్దెక్కిందని. ఆమె చెయ్యెత్తి వాళ్ళను ఆగమంది.

కొండ మీంచి గాలి. తుమ్మల్లో గాలి...

ఇంకేమీ వినబడలేదు.