సల్గే తట్ట

దామోదర్ నది పొంగి కూలీల గుడిసెలు ఊడ్చుకుపోయిన వరదకు రెండేళ్ల తర్వాత జరిగింది ఇది. ఆడది బొగ్గుబావిలోకి దిగరాదని సర్కారు చట్టం తెచ్చింది. ఆడవాళ్ల మేలు కోసమేనట. ఏ ఆడదాన్నీ అడగలేదు.

ఆ పొద్దున కూలీల మేస్త్రీ సర్దార్ గిరిధారి కర్ర అడ్డం పెట్టి ఆడవాళ్లను బావి దగ్గర్నుంచి వెనక్కి నెట్టాడు. చుర్కా మాఝీ చూస్తూ నిలబడ్డాడు. పెళ్లయిన నాటి నుంచీ అతను బొగ్గు కొడితే భార్య సల్గే తట్టకెత్తి బొగ్గుబండి టబ్బు నింపేది. నిండిన టబ్బుకే కూలి.

"పైన పనియ్యి. అదే కూలియ్యి" అంది సల్గే.

"పైన పని లేదు. చట్టం నిన్ను రాణిని చేసింది, ఇంట్లో కూసో పో!"

"రాణికి బియ్యం ఎవరు పంపుతారు సర్దారూ, నీ అమ్మా?"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. తట్టలు వాళ్లవే, వాళ్ల చేతులతో అల్లుకున్నవే. వాటిని బోర్లించి బావి ముందే కూర్చున్నారు.

మగవాళ్లు దిగి బొగ్గు కొట్టారు. ఎత్తేవాళ్లు లేరు. సంతాల్ తెగ మగవాడు కావడి మోస్తాడు గాని నెత్తిన తట్ట పెట్టడు. టబ్బులు ఖాళీగా పైకొచ్చాయి.

"రేపు కొత్త తట్టలొస్తాయి" అన్నాడు సర్దార్ మగవాళ్లతో. "ఎత్తనోడు గుడిసె ఖాళీ చెయ్యాలె."

సాయంత్రం గుడిసెల ముందు అందరూ చేరారు.

"మనమే కొట్టి మనమే ఎత్తుదాం. సగం కూలైనా దక్కుద్ది" అన్నాడు ముసలి భాదో.

"ఆ సగం ఎవరిది మామా? మా నోటికాడిది!" అంది సల్గే. మొగుడి వైపు తిరిగింది. "నువ్వు చెప్పవయ్యా."

చుర్కా గడ్డపారకు అంటిన బొగ్గు గీకుతున్నాడు.

"రాయితో కాపురం చేశాను" అంది. అంతలో సర్దార్ పిలిపించిన పోలీసులు దిగారు. సల్గే జుట్టు పట్టుకుని ఈడ్చారు.

"బావిలోకి దిగొద్దంది మీ చట్టం. జైల్లోకి దిగొచ్చా?" అని అరుస్తూనే పోయింది. ఆమె తట్టను ఎవడో బూటుకాలితో తన్నాడు. దొర్లుకుంటూ వచ్చి చుర్కా కాళ్ల దగ్గర ఆగింది.

మర్నాడు పొద్దున బావి దగ్గర కొత్త తట్టలు గుట్టగా పడి ఉన్నాయి. ఆడవాళ్లు మళ్లీ తమ తట్టలు బోర్లించి కూర్చున్నారు. మగవాళ్లు వాటిని ముట్టుకోకుండా, వెనక్కీ పోకుండా నిలబడ్డారు. సల్గే తట్ట నెత్తిన పెట్టుకుని చుర్కా వచ్చాడు. ఎవరూ నవ్వలేదు. సర్దార్ ఒక్కడే నవ్వాడు.

"అట్లా దారికి రా. చీరొక్కటే తక్కువ. దిగు!" అని అడ్డం పెట్టిన కర్ర తీశాడు.

చుర్కా దిగలేదు. ఆడవాళ్ల మధ్య నిన్న సల్గే కూర్చున్న చోటికి నడిచి, తట్ట బోర్లించి కూర్చున్నాడు.