అద్దం వీపు

రొట్టె పిండి పొంగడానికి గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరలోనే నేను ఇంటికింది గదిలోకి దిగి ఇనపడ్రమ్ము చుట్టూ తిరిగేదాన్ని. డ్రమ్ము మీద ఒక గాజుబిళ్ళ బిగించి ఉండేది. దానిమీద తడిపిన గరుకుపొడి చల్లి, రెండో బిళ్ళ పెట్టి, ముందుకీ వెనక్కీ తోస్తూ అడుగడుగునా పక్కకి జరగాలి. తోయగా తోయగా పైబిళ్ళ గుంటపడి దుర్భిణికి అద్దమవుతుంది. మిన్నెసోటాలో ఆ చలికాలం నేను నడిచిన నడకకి మా పుట్టింటికి రెండుసార్లు పోయి రావచ్చు.

దుర్భిణి సరదా మా ఆయన ఆర్విడ్‌ది. మొదటివారం తనే తోశాడు. టెలిఫోను స్తంభాలెక్కి వచ్చే మనిషి, నడుము పట్టేసింది. రెండోవారం, "సిగ్నీ, ఇంట్లోనే ఉంటావుగా, కాస్త తోసిపెట్టు" అన్నాడు. ముగ్గురు పిల్లలు, మంచంపట్టిన అత్తగారు, ఇంటెడు చాకిరీ. ఇంట్లో ఉండటమంటే అదే. అత్తగారు పైనుంచి కేకేసేది: "ఏమిటే కింద ఆ గరగర? ఇంత చప్పుడు చేసే పనిలో ఒక్క ముద్దయినా తినడానికొస్తుందా?"

గరుకుపని అయ్యాక ఎర్రపొడితో మెరుగు. అక్కడే ఊళ్ళో అద్దాలు చేసే మగవాళ్ళంతా బోర్లాపడేవాళ్ళు. రుద్దుతుంటే గాజు వేడెక్కి ఉబ్బుతుంది. వాళ్ళు రుద్దిన వెంటనే దీపం పెట్టి చూసి, అదిగో మిట్ట అని దాన్ని అరగదీసేవాళ్ళు. తెల్లారి గాజు చల్లారితే మిట్ట ఉన్నచోట గొయ్యి. మా ఊళ్ళో అలా నాలుగద్దాలు పాడయ్యాయి. నేను రుద్దగానే పైకి పరుగెత్తాలి, రొట్టె పొయ్యిలో పెట్టాలి, అత్తగారి పక్క మార్చాలి. మళ్ళీ దిగేసరికి గాజు చల్లగా, ఉన్నదున్నట్టు కనబడేది. దాన్ని ఓపిక అనుకోకండి. తీరిక లేకపోవడం.

జూన్‌లో దుర్భిణుల సంఘం వాళ్ళు మా గడ్డిబీట్లో కూడారు. హెర్క్యులిస్ తారామండలంలో గోళాకార తారాగుచ్ఛం ఒకటుంది, వేల చుక్కలు ముద్దగా కూడిన గుంపు. అద్దం మంచిచెడ్డలు దానిమీదే తేలుస్తారు. మిగతావాళ్ళ దుర్భిణుల్లో అది దూదిపింజ. సంఘం పెద్ద హెల్మర్ క్విస్ట్ మా దాంట్లో చాలాసేపు చూశాడు.

"రవ్వలు రవ్వలుగా విడిపోయిందయ్యా ఆర్విడ్, నట్టనడుమ దాకా. రుద్దాక ఎంతసేపు చల్లారనిచ్చేవాడివి?"

"ఆ... కాసేపు."

"కాసేపంటే?"

ఆర్విడ్ కాఫీ కలుపుతూనే ఉన్నాడు. నేను బల్ల దగ్గర తీపి రొట్టె ముక్కలు కోస్తున్నాను.

"ఒక రొట్టె కాలేంతసేపు" అన్నాను.

అందరూ నవ్వారు. "మా ఆవిడకి చుక్కలైనా వంటింట్లోంచే కనబడతాయి" అన్నాడు ఆర్విడ్.

హెల్మర్ నవ్వలేదు. నా గోళ్ళ సందుల్లో ఇంకా పోని ఎర్రపొడిని చూశాడు. "నువ్వు చూశావా అమ్మా?" అన్నాడు.

"ఇంకా లేదు."

ఆయన పక్కకి జరిగాడు. కన్ను పెట్టాను. నల్లటి రేకుమీద పిండి విదిలించినట్టుంది, నడుమ చిక్కగా, అంచున పలచగా. ఏడుపేమీ రాలేదు. అన్ని వేల చుక్కలు ఒక్కచోట ఒరుసుకుంటూ ఉన్నా, ఏదీ పక్కదాంట్లో కలిసిపోలేదు. అది మాత్రం గమనించాను. తర్వాత వెళ్ళి కప్పులు కడిగాను.

సంఘంలో ఒక ఆనవాయితీ. గుచ్ఛాన్ని విడదీసిన అద్దం వీపుమీద, చేసినవాళ్ళ పేరు వజ్రపుమొనతో గీస్తారు. మర్నాడు ఆర్విడ్ ఆ మొన తెచ్చిచ్చాడు. "నీ చేతిరాత గుండ్రంగా ఉంటుంది, నువ్వే రాసిపెట్టు. ఎలాగూ గొట్టంలోకి పోయేదేగా, ఎవరు చూడొచ్చారు?"

పిండి పొంగుతోంది. గంటన్నర ఉంది నాకు. అద్దాన్ని తువ్వాలు మీద బోర్లించి, తొందరపడకుండా, ఒక్కో అక్షరం లోతుగా గీశాను.

"రాశావా?" అన్నాడు సాయంత్రం.

"రాశాను. చేసినవాళ్ళ పేరే."

తృప్తిగా తలూపి, వీపు తిప్పి చూడకుండానే తనే గొట్టంలో బిగించాడు. పన్నెండేళ్ళకి, అద్దం మీది మాసిన మెరుపుపూత మళ్ళీ వేయించడానికి విప్పినప్పుడు చదివాడు: సిగ్ని రూస్తాద్. పెళ్ళికి ముందటి పేరు.