సుక్క ఇంటికి మర్లే యాళ

పొద్దు గుట్ట మీదికి వాలగానే నర్సింగమ్మ కొట్టంలో ఇన్ని వేపాకులు వేసి పొగ పెట్టేది. తొట్టిలో కుడితి పోసేది. గుంజ చుట్టూ ఊడ్చేది. ఆ గుంజకు కట్టేసే సుక్కబర్రె చచ్చిపోయి ఏడాది దాటింది. దాని తోలు నర్సింగమ్మ కొడుకు గాలయ్య, ఏరు దాటించే తన గుండ్రటి పుట్టికి బిగించుకున్నాడు. అయినా ఆమె కుడితి పోయడం మానలేదు, ఎందుకంటే సుక్క రావడం మానలేదు. కృష్ణలో ఎంత దూరాన ఉన్నా సరే, పొద్దుగూకే వేళకు ఆ పుట్టి గిర్రున తిరిగి, ఏటికి ఎదురెక్కి వాళ్ల ఊరు గుండ్లరేవుకు వచ్చేసేది. తెడ్డుకు లొంగేది కాదు. ఏరు దాటేవాళ్లు, "గాలయ్యా, సుక్క మర్లకముందే జర ఆ గడ్డకు దించు" అని తొందరపెట్టేవాళ్లు. అంతకు మించి దాని గురించి మాట్లాడింది లేదు. బర్రె అన్నాక ఇల్లు మరుస్తుందా?

గుండ్లరేవుకు కొంచెం కింద అత్తాకోడళ్ల రాళ్లని రెండున్నాయి. వాటి నడుమ నీళ్లు పొద్దస్తమానం కొట్లాడుకుంటూనే ఉంటాయి. ఆరితేరిన బెస్తలే అటు పోవడానికి జంకేవాళ్లు. ఇరవై ఏళ్ల గాలయ్యకు మాత్రం ఆ నడుమ నుంచి పుట్టిని దూకించడమంటే పండగే. నందికొండ దగ్గర డ్యాం కడుతున్న రోజులవి. యంత్రాలు బిగించడానికి ఆస్ట్రియా నుంచి వచ్చిన హెర్మన్ దొర ఒకనాడు ఒడ్డున నిలబడి ఈ దూకుడు చూశాడు. తర్వాతి ఆదివారం తన పడవ తెచ్చి ఇచ్చాడు. కట్టెల చట్రానికి రబ్బరు గుడ్డ తొడిగిన సన్నటి పడవ అది, విప్పితే రెండు సంచుల్లో పడుతుంది. గాలయ్య మొదటిరోజే అత్తరాయికి కొట్టి దాని అడుగు చింపాడు. నర్సింగమ్మ సుక్క తోలులో మిగిలిన ముక్క వేసి కుట్టి, గుగ్గిలం కాచి పూసింది. ఆ సాయంత్రం నుంచి ఆ పడవ కూడా ఇంటికి మర్లింది.

పని ముగించుకుని వెళ్లిపోతూ, గాలయ్యను తనతో పంపమన్నాడు దొర. తమ కొండవాగుల్లో ఇట్లా పడవలు దూకించే పందేలున్నాయని, తానే నేర్పిస్తానని చెప్పాడు. డ్యాం నిండితే ఊరు ఎట్లాగూ మునిగేదే. కొలతలవాళ్లు గోడల మీద సున్నం గీతలు గీసిపోయారు, సగం ఊరు గడ్డ మీది కొత్త జాగాకు తరలిపోయింది. "ఊరు పొమ్మంటాంది, కాడు రమ్మంటాంది, నాకెందుకు బిడ్డా కొత్తిల్లు?" అని వాళ్లను రెండేళ్లుగా తిప్పి పంపుతున్న మనిషి నర్సింగమ్మ.

"పో బిడ్డా," అంది చివరికి. "నీళ్లు నిలవడ్డంక ఈడ నువ్వు దుంకేదేముంది?"

"మరి నువ్వు?"

"సుక్కకు పొగెవరు పెడతరు? నేనుంట."

తోలు అతుకేసిన ఆ పడవను రెండు సంచుల్లో పెట్టుకుని, బొంబాయిలో ఓడెక్కి పోయాడు గాలయ్య. అక్కడివి మంచు కరిగిన నీళ్లు, వేళ్లు కొంకర్లు పోయేవి. బోల్తాపడిన పడవలోంచి బయటికి రాకుండా, ఒక్క తెడ్డు పోటుతో నీళ్లలోంచి పైకి లేవడం నేర్చుకున్నాడు. ఆరు నెలల్లో అక్కడి వాళ్లను మించిపోయాడు. కానీ రోజూ మధ్యాహ్నం రెండింటికి, అంటే గుండ్లరేవులో పొద్దుగూకే వేళకు, పడవ తూర్పుకు మర్లేది. ఆ ఊరివాళ్లు దాన్ని చూసి గడియారాలు సరిచేసుకునేవాళ్లు. చిక్కల్లా పందేలు కూడా సరిగ్గా ఆ వేళకే జరిగేవి. మూడు పందేల్లో అందరికంటే ముందుండి, గెలుపు తాడు కనబడే దూరంలో వెనక్కి తిరిగాడు. వేరే పడవెక్కితే కాలూ చెయ్యీ ఆడేది కాదు.

"ఆ తోలు ముక్క కోసెయ్," అన్నాడు హెర్మన్. గాలయ్య కత్తి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చేతులు రాలేదు.

"అయితే ఆగస్టు పందెమే ఆఖరు. అదీ పోతే నిన్ను ఇక్కడ ఉంచమని పడవల క్లబ్బును అడగలేను," అన్నాడు దొర.

గాలయ్య తల్లికి ఉత్తరం రాశాడు. "సుక్క యాళకు మర్లుతాంది. మూడుసార్లు ఓడిన. ఆగస్టు ఇరవై తారీఖు ఆఖరి పందెం. అదీ ఓడితే ఇంటికొస్త, ఫికరు చెయ్యకు." గెలవాలనీ ఉంది, ఇంటికి పోవాలనీ ఉంది. ఆ రెంటి నడుమ నలిగిపోతూనే రాశాడు.

ఆ రోజు రానే వచ్చింది. నడివాగులో ఉండగా చర్చి గంట రెండు కొట్టింది. గాలయ్య పళ్లు బిగించాడు. పడవ మర్లలేదు. సూటిగా పోయి, రాళ్ల నడుమ నుంచి దూకి, తాడు దాటింది. జనం వాణ్ని భుజాల మీదికెత్తుకున్నారు. వాడు తూర్పుకు చూసి బావురుమన్నాడు.

కొట్టంలో పొగ లేకుంటేనే సుక్క మర్లదు. అమ్మ జ్వరమొచ్చినా పాక్కుంటూ పోయి పొగ పెట్టే మనిషి. నీళ్లు ముంచాయో, ఊపిరే ఆగిందో! "మా అమ్మ పోయింది," అన్నాడు. హెర్మన్ టోపీ తీశాడు. నీకెట్లా తెలుసని ఎవరూ అడగలేదు. తంతి కొడదామంటే అందుకునేందుకు ఊరే ఉందో లేదో. పదో రోజున గాలయ్య ఆ పరాయి వాగు ఒడ్డున తల గొరిగించుకుని, అన్నం ముద్ద నీళ్లలో వదిలాడు. మర్నాడు క్లబ్బువాళ్లు కాగితం తెచ్చారు. పిల్లలకు పడవ నేర్పుతూ అయిదేళ్లు ఇక్కడే ఉండాలి, నడుమ ఎటూ పోకూడదు. ఎటు పోతాడు గనుక? సంతకం పెట్టాడు.

ఇంకో నెలకు గుండ్లరేవు బడిపంతులు లింగస్వామి చేతిరాతతో ఉత్తరం వచ్చింది.

"బిడ్డ గాలయ్యకు అమ్మ రాయిస్తున్న. నేను మంచిగున్న. సుక్క మర్లుడేంది, నా కొడుకు ఓడుడేంది అని, నువ్వు చెప్పిన దినం పొగ పెట్టలే. తొట్టి బోర్లేసిన. గుంజ పీకిన. ఇల్లే లేకుంటె సుక్క యాడికి మర్లుతది? పంతులు బండి కట్టిచ్చిండు, కొత్త జాగకొచ్చిన. గుంజ నా మంచం కిందనే ఉంది. గెలిస్తివా బిడ్డా? గెలిచినంక ఒక్కసారి రా. యాడ పాతాల్నో చూపియ్యి. నువ్వొచ్చేదాంక పాతను."

గాలయ్య నెత్తి తడుముకున్నాడు. వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. సంతకం పెట్టిన అయిదేళ్లలో ఒక్క నెలే గడిచింది. వాగు దగ్గరికి పోయి పడవను నీళ్లలోకి దింపాడు. రెండు కొట్టింది. తనే పడవ ముక్కును తూర్పుకు తిప్పి, నడుంలోతు నీళ్లలో నిలబడి పట్టుకున్నాడు. "మర్లు సుక్కా," అన్నాడు. చెయ్యి వదలగానే అది వాగు వాటంగా కిందికి తిరిగింది.