ఎనభై ఐదో కార్డు

ఆట అయిపోయాక కార్డులు లెక్కపెట్టి పెట్టెలో సర్దడం ఆమె పని. ఎవరూ అప్పగించలేదు, ఆమె కాదనలేదు. మిగతా పనులు వచ్చి నెత్తిన పడ్డట్టే ఇదీ పడింది. నిబంధనల పుస్తకంలో ఎనభై నాలుగు కార్డులని ఉంది. ఆమె లెక్కకు ఎనభై ఐదు వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టింది. ఎనభై ఐదే.

ఎక్కువైన కార్డు ఏదో వెతకనక్కర్లేకపోయింది. బూడిదరంగు ఇల్లు. ఒక తలుపు, ఒక కిటికీ. పుస్తకం చివరి పట్టికలో బేకరీ ఉంది, గడియార స్తంభం ఉంది, వంతెన ఉంది. ఈ ఇల్లు మాత్రం లేదు.

"పుస్తకంలో లేని కార్డు ఒకటి ఉందండీ" అంటే భర్త ఫోన్లోంచి తల ఎత్తలేదు. "పొరపాటున వేసుంటార్లే. సరేగానీ, బలాలూ బలహీనతలూ రాసిపెట్టావా?"

అతను ఒక పత్రికలో బోర్డు ఆటల మీద శీర్షిక రాస్తాడు. అంటే, కింద పేరు అతనిది. నిబంధనలు చదివి, బల్ల సర్ది, అందరికీ బోధపడేలా చెప్పి, ఏం బాగుందో ఏం బాగాలేదో చిత్తుకాగితం మీద రాసేది ఆమె. నా చేతిలో పడితే గానీ వాటికో రూపం రాదు అంటాడు పాపం.

ఇది ఊరు కట్టే ఆట. చేతిలో ఏడు కార్డులుంటాయి. ఒకటి ఉంచుకుని మిగతావి ఎడమ పక్కవాళ్లకివ్వాలి, కుడి పక్క నుంచి వచ్చినవాటిలో మళ్లీ ఒకటి తీసుకోవాలి. అలా ఎవరి ఊరు వాళ్లు కట్టుకోవాలి. బలాలు రాయడం తేలికే. అరగంటలో తేలిపోతుంది, బొమ్మలు చూడముచ్చటగా ఉన్నాయి, అందరూ ఒకేసారి తీస్తారు గనక ఎవరి వంతు కోసమో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోనక్కర్లేదు. మనం వదిలేసిందే పక్కవాళ్లకి అందుతుంది గనక వాళ్ల ఊరి మీదా ఓ కన్నేసి ఉంచాలి. ముగ్గురితో కాస్త చప్పగా ఉంటుందేమో, నలుగురుంటేనే మజా. అసలు బలహీనతల దగ్గరికొచ్చేసరికే ఆమె కలం ఆగిపోయింది.

ఎందుకంటే ఆమె తన కార్డులన్నీ తనే తీసుకున్న ఆట ఒక్కటీ లేదు. ఆమె కుర్చీ వంటింటి గుమ్మం పక్కన. ఆట సగంలో ఉండగా అత్తగారు "కాస్త టీ చుక్క పడితే బాగుండు" అని గాల్లోకి అంటుంది. అది ఎవరికి తగలాలో గాలికి తెలుసు. ఆమె లేవగానే, కుడి పక్కన కూర్చునే ఆడపడుచు "నువ్వెళ్లు, నీ బదులు నేను తీసిపెడతాలే" అంటుంది. కప్పులతో తిరిగి వచ్చేసరికి ఆమె ఊళ్లో బూడిదరంగు ఇల్లు వెలిసి ఉంటుంది. దానికి పాయింట్లేమీ లేవు. "ఆటేగా, దానికే ముఖం మాడ్చుకోవాలా" అంటుంది ఆవిడే.

ఆడిన మొదటి ఆదివారం ఆ ఇంటి కిటికీ చీకటిగా ఉంది. అది ఆమెకి బాగా గుర్తు. రెండోసారి దీపం వెలుగుతోంది. మూడోసారి ఆ వెలుగులో ఓ ఆడమనిషి వీపు కనబడింది. నాలుగోసారి ఆ మనిషి జుట్టుకి పసుపు క్లిప్పు ఉంది, ఆ క్లిప్పుకి ఒక పన్ను విరిగింది. ఆమె చెయ్యి దానంతటదే తన తల మీదికి పోయింది. క్లిప్పు ఉంది, విరిగిన పన్నుతో సహా. ఎవరూ చూడకుండా ఆ కార్డుని చెత్తబుట్టలో పడేసి మిగతావి లెక్కపెట్టింది. ఎనభై ఐదు.

ఇంట్లోనూ ఏదో తేడా వచ్చింది. భోజనాల దగ్గర ఆడపడుచు మూడే కంచాలు పెట్టి, "అయ్యో, నువ్వున్నావు కదూ" అని నవ్వింది. భర్త హాల్లోకొచ్చి, ఆమె రెండడుగుల దూరంలో బట్టలు మడతపెడుతుండగానే, "ఇంట్లో ఎవరూ లేరా?" అని కేకేశాడు. ఇందులో కార్డు చేసిందెంతో, పాత అలవాటెంతో ఆమెకి తేలలేదు. అసలు భయం అదే.

ఆ వారం అతను రాసుకున్నది ఆమె చదివింది. మా ఇంట్లో ముగ్గురం నాలుగుసార్లు ఆడాం అని ఉంది.

"ముగ్గురమేంటండీ?"

"నేను, అమ్మ, అక్క. ఇంకెవరు?" అన్నాడు. అందులో వేళాకోళం లేదు. కాసేపటికి ఆమెకేసి చూసి, "ఓ, నువ్వూ ఆడావు కదా" అన్నాడు.

ఆమె పెట్టె తెరిచింది. కిటికీలో మనిషి ఇటు తిరుగుతోంది. చెంప కనబడుతోంది. ఇంకొక్కసారి ఆ ఇల్లు తన ఊళ్లోకొస్తే ముఖమంతా ఇటు తిరుగుతుంది, ఆ తర్వాత వంటింటి పక్క కుర్చీలో ఎవరూ ఉండరు. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆదివారం మధ్యాహ్నం అతను, "ఆఖరిసారి ఆడి పత్రికకి పంపించేస్తా" అన్నాడు. ఆట సగమైంది. అత్తగారు గాల్లోకి టీ అడిగింది.

"ఆట అయ్యేదాకా లేవను అత్తయ్యా" అంది ఆమె.

ఆడపడుచు చెయ్యి అప్పటికే అలవాటుగా చాచి ఉంది. "నాది నేనే తీసుకుంటా వదినా" అంటే ఆ చెయ్యి ఎటు పోవాలో తెలియక కాసేపు బల్ల మీదే ఉండిపోయింది.

చివరికి ఆమె చేతిలో రెండు మిగిలాయి. ఒకటి వంతెన. రెండోదాంట్లో కిటికీ లోపలి మనిషి కంటి కొస ఆమెనే చూస్తోంది. వంతెన ఉంచుకుని, రెండోదాన్ని బోర్లించి ఎడమ పక్కకు జరిపింది. ఎడమ పక్కన భర్త.

అతను తిప్పి చూశాడు. "ఇదేం కార్డు, ఎప్పుడూ చూళ్లేదే. కిటికీలో ఈ కళ్లజోడాయన ఎవరు? గిన్నెలు తోముతున్నట్టున్నాడు." తన కళ్లజోడు పైకి తోసుకుని మళ్లీ చూశాడు.

అత్తగారు విసుక్కుంటూ లేచింది. "సరే, ఇవాళ నేనే పెడతా. ముగ్గురమేగా, మూడు కప్పులు చాలు."

"నలుగురం కదమ్మా" అన్నాడతను. ఎవరూ అతనికేసి చూడలేదు. "అమ్మా? అక్కా?"

ఆ గొంతు ఆమెకి బాగా పరిచయం. ఇన్నాళ్లూ అది తన నోట్లోంచి వచ్చేది. ఆమె చిత్తుకాగితం ముందుకు లాక్కుని, బలహీనతల కింద రాసింది: చివరి కార్డుని ఎవరూ కోరుకోరు, కానీ ఎవరో ఒకరు కట్టుకోక తప్పదు. దాని కింద తన పేరు పెట్టింది. కలం మూత పెట్టాక గానీ తల ఎత్తలేదు.

"నలుగురం అత్తయ్యా" అంది. "నాలుగో కప్పు ఆయన పెట్టుకుంటారు. కార్డులు కూడా ఇవాళ్టి నుంచి ఆయనే లెక్కపెడతారు."