బిగుతు గాజులు

వంటింట్లో పప్పుకు పోపు పెడుతున్న అనసూయకు ముందుగదిలోంచి ధడేల్‌మని చప్పుడు వినిపించింది. గరిటె అక్కడే పారేసి పరుగెత్తింది. విద్యావతి షాబాద్ బండల మీద వెల్లకిలా పడి ఉంది. మోచేయి చీరుకుపోయి నెత్తురు కారుతోంది. పిల్ల మాత్రం నవ్వుతోంది.

"పోయింది! తలకాయ పగిలిపోయింది! గిట్లనే ఐతదని నాకు ఎరికే!"

"తలకాయ ఏడికి పోలేదమ్మా. కన్ను పోయింది. మేకు మీదికెళ్లి కన్ను తీసిన, పడ్డ."

గోడకు క్యాలెండరు తగిలించే మేకు అది. గిర్రున తిరిగేటప్పుడు ఒళ్ళు ఎటు పోయినా చూపు మాత్రం ఆ మేకును వదలకూడదట. ఇక మెడ సాగదు అనుకున్నప్పుడు తల ఒక్క విసురు విసిరి మళ్ళీ మేకునే పట్టుకోవాలట. అట్లా చేస్తే కళ్ళు తిరగవట. అబిడ్స్‌లో రొట్టెల దుకాణం మీది అంతస్తులో డిమెల్లో మేడం నేర్పే విద్య ఇది. గ్రామఫోను పెట్టి, ఆడ మగ జంటలుగా నిలబెట్టి, మాంబో అనే డాన్సు నేర్పుతుంది. క్రిస్మస్‌కు జరిగే ఆటలో ఒక్క జంటనే అందరి ముందు ఆడిస్తుంది. ఆ జంటలో తానుండాలని విద్యావతి పట్టు. నాంపల్లి ఇంట్లో ఆ అరవై నాలుగో సంవత్సరమంతా ఆ మేకు చుట్టే తిరిగింది.

తండ్రి బాలకిషన్ లక్డీకాపూల్ ఆఫీసులో క్లర్కు. తన పై అధికారి కూతురు కూడా అక్కడే నేర్చుకుంటోందని తెలిశాక, "పోనియ్యి, కసరత్తే గదా," అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. కాబట్టి భయపడే పనంతా అనసూయ ఒక్కతే నెత్తిన వేసుకుంది. మెడనరం తెగుతుంది. పేగు మెలిపడుతుంది. మెట్ల మీద కాలు జారుతుంది, అబిడ్స్ చౌరస్తాలో బస్సు మీదికొస్తుంది. ఇవన్నీ దాటినా ఆ పిల్లవాడు ఉండనే ఉన్నాడు. పెద్ద పోస్టాఫీసులో పనిచేసే భావనారాయణ, గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు, ఆటలో విద్యావతి జోడీ.

"వాడు నీ చెయ్యి గట్టిగ పట్టి మెలేస్తే ఎట్లనే?"

"గట్టిగ పడితే నేను తిరగనే తిరగనమ్మా. గిట్ల ఒక్క వేలు కిందికి పెడతడు. నా వేళ్ళు దాని చుట్టూ వదులుగ తిరగాలె. పట్టీ పట్టనట్టు. గదే అసలు పని."

పట్టీ పట్టనట్టు పట్టుకోవడం అనసూయకు ఈ జన్మలో తెలియని సంగతి. పిల్ల పుట్టిన నాటినుంచి రోడ్డు మీద ఆ చేయి ఎర్రగా కందేట్టు పట్టుకునే నడిచింది.

అన్నిటికన్నా ఆమె గుండెలో గుచ్చుకున్నది గాజుల సంగతి. డాన్సుకు పోయే ముందు విద్యావతి గాజులన్నీ తీసి కిటికీలో పెట్టేది. పెళ్ళి కావలసిన పిల్ల బోడి చేతులతో గడప దాటుతుంటే అనసూయ ఆ గాజులు పట్టుకుని వాకిలి దాకా వెంటపడేది. శ్రావణమాసం రాగానే గాజుల యాదవ్వను వాకిట్లో కూర్చోబెట్టింది.

"బిగుతుగ ఎయ్యి యాదవ్వా. మళ్ల తీస్తే రావద్దు."

"పిల్ల చెయ్యి నలుగుతదమ్మా."

"నలగనియ్యి."

యాదవ్వ సబ్బు నురగ రాసి, బొటనవేలు ఎముక మడిచి, ఒక్కొక్క గాజూ ఎక్కించింది. ఎరుపూ ఆకుపచ్చా గాజులు మణికట్టు మీద చర్మంలోకి దిగి కూర్చున్నాయి. విద్యావతి పళ్ళు బిగించి కన్నీళ్ళు ఆపుకుంది. పగలగొడదామంటే, పండుగ నెలలో తల్లి కళ్ళముందు గాజు చిట్లితే ఇంట్లో ఎంత ఏడుపు మొదలవుతుందో ఆమెకు తెలుసు. చేతిరుమాలు చుట్టుకుని అట్లాగే డాన్సుకు పోయింది.

అప్పటికీ అనసూయకు నెమ్మది లేదు. శనివారం పొద్దున్నే అఫ్జల్‌గంజ్ వెళ్ళి, కట్టెల అడ్డాలో కూర్చున్న అన్న సదాశివ ముందు గోడు వెళ్ళబోసుకుంది. సదాశివ వయసులో ఉన్నప్పుడు తాలీంఖానాలో కుస్తీ పట్టినవాడు. చెవులు నలిగి ముద్దలైపోయాయి.

"నీ మేనకోడలు డాన్సు నేర్చుకుంటుందన్నా. జర నాతోని వచ్చి చూడు. ఊకె చూసి పోదువుగాని."

"మగోని చెయ్యి పట్టుకొని ఆడుతదా?" అంటూ సదాశివ లేచాడు. "బాలకిషన్ గాజులు తొడుక్కున్నడా? పా, చూస్త."

చూసి పోయేవాడి ముఖం కాదు అది. దారి పొడుగునా అనసూయ, "కొట్లాడకు అన్నా, నీకు దండం పెడత," అంటూనే ఉంది. ఆపి వెనక్కి పంపే ధైర్యం మాత్రం చేయలేదు.

పైన హాలులో గ్రామఫోను గట్టిగా మోగుతోంది. డిమెల్లో మేడం చప్పట్లు చరుస్తూ, "హాథ్ ఢీలా! చెయ్యి వదులు, వదులు!" అని అరుస్తోంది. అనసూయ గడపలోనే ఆగిపోయింది. నడుమ తన కూతురు తిరుగుతోంది. ఇంట్లో బండల మీద దబ్బున పడే పిల్ల కాదు. బొంగరంలా నిటారుగా, తల విసురుగా వెనక్కి వస్తూ, చూపు ఎక్కడో గోడ మీద ఒకే చోట. పైన ఆ పిల్లవాడి వేలు ఒక్కటే. ఒక్క క్షణం అనసూయ భయపడటం మరిచిపోయింది.

"విద్యా!"

సదాశివ కేకకు కిటికీ అద్దాలు అదిరాయి. విద్యావతి చూపు గోడ మీదినుంచి జారింది. కాలు మెలికపడి ఒరిగిపోతుంటే, పడకుండా ఆపడానికి భావనారాయణ గబుక్కున ఆమె మణికట్టు ఒడిసిపట్టాడు. తిరుగుతున్న ఒళ్ళు ఇంకా తిరుగుతూనే ఉంది. అతని పిడికిట్లో గాజులన్నీ ఒక్కసారిగా పటపటమని నలిగాయి.

నెత్తురు అతని తెల్ల చొక్కా మీద చిమ్మింది. విద్యావతి మొదట అరవలేదు. తన చేయి ఎవరిదో అన్నట్టు చూసింది. ఆ తర్వాత వచ్చిన కేకకు పాట కూడా వినపడలేదు.

సదాశివకు కనిపించింది రెండే. మేనకోడలి నెత్తురు, ఆ చేతిని పట్టుకున్న మగచేయి. ఒక్క అంగలో వెళ్ళి భావనారాయణ మూతి మీద గుద్దాడు. పళ్ళు విరిగిన చప్పుడైంది. మెడ పట్టి గోడకేసి కొట్టాడు. గ్రామఫోను బల్లతో సహా కూలింది. జంటలన్నీ మెట్లవైపు తోసుకుంటూ పరుగెత్తాయి. కింద పడ్డవాడి పక్కటెముకల మీద సదాశివ మడమతో తొక్కాడు.

"మా పోరినే కోస్తవురా?"

"కట్టు... ముందు ఆవిడకి కట్టు కట్టండి!" నెత్తురు ఉమ్ముతూ భావనారాయణ అరిచాడు. "నన్ను తర్వాత చంపుదురుగాని! చేతికి గుడ్డ కట్టండీ!"

అనసూయ కూతురి చేయి చూసింది. మాంసంలో దిగబడి ఉన్నది కత్తి కాదు. ఎరుపు పెంకు, ఆకుపచ్చ పెంకు. తను ఏరి వేయించినవి.

"అన్నా, విడువు!"

సదాశివ వినలేదు. రెండు చేతులూ పిల్లవాడి గొంతు మీద వేశాడు. పిల్లవాడి మడమలు నేలను తన్నుతున్నాయి. గోడవార ఇనుప మడతకుర్చీలున్నాయి. పిల్లి అడ్డం వచ్చినా ఇంటికి తిరిగివచ్చే అనసూయ ఒక కుర్చీ ఎత్తి, అన్న నడినెత్తి మీద బలంకొద్దీ మోదింది. అతను వెనక్కి తిరగబోతే మళ్ళీ మోదింది. కొండలాంటి మనిషి మోకాళ్ళ మీద కూలాడు.

"చెల్లె... నన్నా?"

అనసూయ కొంగు పర్రున చింపి కూతురి చేతికి చుట్టింది. రిక్షాలో అఫ్జల్‌గంజ్ దవాఖాన దాకా మోచేతి కింద రెండు చేతులతో నొక్కి పట్టింది. వేళ్ళు తిమ్మిరెక్కినా సడలించలేదు. వెచ్చటి నెత్తురు ఆమె ఒడిలోకి ఊరుతూనే ఉంది.

దవాఖానలో రెండో చేతికి సూది వేయాలన్నారు. ఆ మణికట్టూ గాజులతో బిగుసుకుని ఉంది. నర్సు పట్టకారు కోసం వెతుకుతుంటే అనసూయ బల్ల మీది ఇనుప గిన్నె తీసుకుని ఒక్కొక్క గాజూ తనే చితగ్గొట్టింది. ప్రతి దెబ్బకూ విద్యావతి ఉలిక్కిపడింది. ఒక పెంకు ఎగిరి అనసూయ చెంప కోసింది. తుడుచుకోలేదు.

కుట్లు వేసేసరికి నెత్తికి తువాలు చుట్టుకుని సదాశివ వచ్చాడు, వెంట పోలీసు జవాను. భావనారాయణ పక్క వరండాలో చాప మీద పడి ఉన్నాడు. ముఖం వాచి కళ్ళు కనపడటం లేదు.

"గాడే జవాన్ సాబ్," సదాశివ వేలు చూపించాడు. "పోరి చెయ్యి కోసిండు. అడ్డం పోతే నా నెత్తి పగలగొట్టిండు."

పోలీసును చూస్తే అనసూయకు ఎప్పుడూ నోరు పిడచకట్టుకుపోయేది. ఇప్పుడూ కట్టింది. ఆ నోటితోనే చెప్పింది.

"అబద్ధం సాబ్. పోరి పడుతుంటే ఆ పిలగాడు ఆపిండు. చెయ్యి కోసింది గాజులు. బిగుతుగ ఏయించింది నేను. మా అన్న నెత్తి పగలగొట్టింది గుడ నేనే. ఆ పిలగాన్ని కొట్టింది మా అన్న. రాసుకో."

"ఏం మాట్లాడుతున్నవే? తోడబుట్టినోన్ని జైలుకు పంపుతవా?"

"పిల్ల చెయ్యి పోతుంటే గుడ నువ్వు కొట్టుడు ఆపలే."

"ఇయ్యాల్టి నుంచి నాకు చెల్లె లేదు," అన్నాడు సదాశివ. అనసూయ మాట మార్చలేదు.

కుట్లు విప్పాక చూస్తే విద్యావతి కుడిచేతి చివరి రెండు వేళ్ళు మడత పడటం లేదు. మిగతా వేళ్ళతో తిరగవచ్చునా అన్నది ఎవరికీ తెలియదు. దీపావళి దాటాక భావనారాయణ నాంపల్లి ఇంటికి వచ్చాడు. ముందుపళ్ళు లేవు. చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నా వల్ల కాదండీ," అన్నాడు. "ఆవిడ చెయ్యి చూస్తే ఆ చప్పుడే వినపడుతోంది. నేనింక పట్టుకోలేను."

విద్యావతి మేకు వైపు తిరిగి నిలబడి, ఎవరూ లేని గాలిలోకి ఆ చేయి ఎత్తింది. రెండు వేళ్ళు కర్రపుల్లల్లా నిక్కి ఉన్నాయి. చేయి అట్లాగే ఉంది. దించలేదు.

అనసూయ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ చేయి అందుకుంది. అలవాటుగా పిడికిలి బిగిసింది.

"అమ్మా, వదులు."

"పడతవ్ బిడ్డా."

"పడితే పడత. వదులు."

అనసూయ ఒక్కొక్క వేలూ తీసింది. చివరికి ఒక్క వేలు మిగిలింది. కళ్ళు మూసుకుంది. వేలి చుట్టూ కూతురి మూడు వేళ్ళూ సర్రున తిరిగాయి. బండల మీద పాదం రాచుకున్న చప్పుడు, తర్వాత పక్కనున్న నీళ్ళ బిందె దభీమని దొర్లిన చప్పుడు వినిపించాయి.

కళ్ళు తెరిస్తే విద్యావతి నిలబడే ఉంది.

"బిందె సొట్ట పోయిందేమో," అంటూ అనసూయ కిందికి వంగలేదు. వేలు పైకే ఉంచి, గుమ్మంలోని పిల్లవాడితో అంది, "లోపలికి రా నాయనా. ఎట్ల పెట్టాలెనో జర చూపియ్యి. నేను తప్పు పెడుతున్ననేమో."